ఎదురుచూసే యంత్రం

ల్యాప్‌టాప్ కొనడానికి దుకాణంలో అడుగుపెట్టినవాళ్ళు చాలావరకు ముందు అడిగే ప్రశ్న "ఐ3 తీసుకోవాలా, ఐ5 తీసుకోవాలా?" అని. అమ్మేవాళ్ళూ అక్కడినుంచే మొదలుపెడతారు. కీబోర్డు కింద, అరచేయి ఆనే చోట అతికించిన మెరుపు స్టిక్కరు మీద ఉండేదీ ఆ పేరే. పిల్లల పాఠాలు, బ్యాంకు పనులు, ఆఫీసు ఫైళ్ళు, వీడియో కాల్స్, తీరిక దొరికితే ఒక సినిమా: ఇంట్లో ల్యాప్‌టాప్‌తో పని ఇంతే అయినవాళ్ళ డబ్బు పక్కదారి పట్టేది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే అని నా వాదన. ప్రాసెసర్‌తో పనిలేదని నేననడం లేదు. గత ఏడెనిమిదేళ్ళలో వచ్చిన మధ్యరకం ప్రాసెసర్లకు ఈ పనులు చేయగా ఇంకా బోలెడు బలం మిగులుతుంది. మూడేళ్ళు తిరక్కుండానే "స్లో అయిపోయింది", "హ్యాంగ్ అవుతోంది" అని మూలన పడేసే యంత్రాల్లో చెడిపోయినది ప్రాసెసర్ కావడం చాలా అరుదు. మరి జబ్బు ఎక్కడుంది, దాన్ని కొనేముందే ఎలా కనిపెట్టాలి అన్నది చూద్దాం.

ముందు ఆ స్టిక్కరు సంగతి. ఐ7 అంటే ఐ5 కన్నా గొప్పది అనుకోవడం సహజమే కానీ, ఆ అంకె చెప్పేది ఒకే తరం లోపలి అంతస్తును మాత్రమే. ఇంటెల్ 2016లో తెచ్చిన ఐ7-7500యూలో కోర్లు రెండు. మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. రెండూ 15 వాట్ల చిప్పులే. 2022లో వచ్చిన ఐ3-1215యూలో పెద్దవి రెండు, చిన్నవి నాలుగు కలిపి ఆరు కోర్లున్నాయి. అంటే పాత ఐ7ను తర్వాతి ఐ5 దాటేసింది, ఆ రెండింటినీ ఇంకా తర్వాతి ఐ3 దాటేసింది. ఏఎండీ పేర్లు ఇంకా తికమకపెడతాయి. 2023 వరసలో రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7640యూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. మొదటిదాని లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైను, రెండోదాని లోపల ఉన్నది 2022 నాటి జెన్ 4. ఆ వరసలో మొదటి అంకె అమ్మకాల సంవత్సరాన్ని చెబుతుంది, డిజైను వయసు తెలియాలంటే మూడో అంకె చూడాలి. ఇది తెలిసిన కొనుగోలుదారు వందకు ఎందరుంటారు? 2023 చివర్లో ఇంటెల్ పేర్లలోంచి 'ఐ' అనే అక్షరాన్నే తీసేసి కోర్, కోర్ అల్ట్రా అని పిలవడం మొదలుపెట్టాక, పాత లెక్కలు నేర్చుకున్నవాళ్ళకు కూడా మళ్ళీ అ ఆలు దిద్దే పని పడింది. కాబట్టి పేరును చూసి వేగాన్ని అంచనా వేయడం, పెట్టె మీద బొమ్మ చూసి లోపలి పండు రుచి చెప్పడం లాంటిదే.

ఇక అసలు విషయం. మనం ఒక ఫైలు తెరిచి చదువుకుంటున్నంతసేపూ ప్రాసెసర్ చాలావరకు ఖాళీగా ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఈ ఖాళీ అంకెల్లో కనబడుతుంది. మనం విసుక్కునే ఆ కొద్ది క్షణాల్లో కూడా అది లెక్కలు చేయలేక తంటాలు పడడం లేదు, కావలసిన సమాచారం చేతికి అందక ఆగి ఉంది. ఎంతసేపు ఆగాలన్నది ఆ సమాచారం ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ర్యామ్‌లో ఉంటే సుమారు 100 నానోసెకన్లు. ఎస్‌ఎస్‌డీలో ఉంటే సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. తిరిగే హార్డ్ డిస్క్‌లో ఉంటే కథ మారిపోతుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్ళెం ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, ఆ సూది సరైన వలయం దాకా జరగడానికి మరో పది. మొత్తం దాదాపు 15 మిల్లీసెకన్లు. ఈ అంకెలన్నీ కంటిరెప్పపాటు కన్నా చిన్నవే కాబట్టి వీటి మధ్య తేడా మన ఊహకు అందదు. అందుకని ఒక్క నానోసెకనును ఒక సెకనుగా సాగదీసి చూద్దాం. వంట చేస్తున్న మనిషికి బియ్యం కావాలి. ర్యామ్ అంటే అటక మీది డబ్బా దించుకోవడం, నిమిషం నలభై సెకన్ల పని. ఎస్‌ఎస్‌డీ అంటే రేపటి సంతదాకా ఆగడం, 28 గంటలు. హార్డ్ డిస్క్ అంటే 173 రోజులు. సాంబ మసూరి నారు పోసి, ఊడ్చి, కోసి, నూర్చి, మిల్లాడించి బియ్యం ఇంటికి తెచ్చుకునేంత కాలం. పొయ్యి ఎంత పెద్దదైతేనేం, సరుకు రావడానికి ఒక పంటకాలం పడితే వంట ఎప్పటికి అవుతుంది?

ఒక్కసారి చదవడానికే ఇంత అయితే, యంత్రం ఆన్ అయ్యేటప్పుడు చిన్నచిన్న ముక్కలు వేల సంఖ్యలో చదవాలి. పది వేల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చదవాలనుకుందాం. హార్డ్ డిస్క్‌కు రెండున్నర నిమిషాలు, ఎస్‌ఎస్‌డీకి ఒక సెకను. పదేళ్ళనాటి ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి మామూలు ఎస్‌ఎస్‌డీ వేస్తే అది కొత్తదానిలా లేచి కూర్చోవడంలో మాయ లేదు, ఉన్నది ఈ భాగహారమే. అయితే ఎస్‌ఎస్‌డీల్లోనూ వేగాల పోటీ ఉంది కదా, సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోయే సాటా రకం కన్నా వేల మెగాబైట్లిచ్చే ఎన్‌వీఎంఈ రకమే కొనాలి కదా అని అడగవచ్చు. పెద్ద వీడియో ఫైళ్ళు ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చేవాళ్ళకు ఆ తేడా ఉపయోగమే. రోజువారీ పనిలో మనల్ని ఆపేది చిన్న ముక్కల కోసం ఎదురుచూపు. అక్కడ ఈ రెండింటి మధ్య తేడా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. జాగ్రత్త పడాల్సింది వేరొకదానితో. బాగా చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో "ఈఎంఎంసీ" అని కనిపిస్తే అది ఎస్‌ఎస్‌డీ కాదు. పనితీరులో ఫోన్ మెమరీ కార్డుకు దగ్గరి చుట్టం. మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటుంది కాబట్టి రేపు తీసి మార్చే వీలు కూడా ఉండదు.

ర్యామ్ కొరత కూడా చివరికి ఈ ఎదురుచూపులోకే దారితీస్తుంది. తెరిచిన పనులన్నీ ర్యామ్‌లో పట్టనప్పుడు విండోస్ కొన్నింటిని ఎస్‌ఎస్‌డీ మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎక్కిస్తుంది. అంటే అటక మీది డబ్బా మాటిమాటికీ సంతకు వెళ్ళి వస్తుందన్నమాట. ఒకప్పుడు 4 జీబీ సరిపోయింది, ఇప్పుడు ఎందుకు చాలదు? పెద్ద కారణం బ్రౌజర్. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ప్రాసెసర్లు ముందుచూపుతో చేసే పనిని ఆసరా చేసుకుని ఒక వెబ్‌సైటు మరొక వెబ్‌సైటు సమాచారాన్ని దొంగిలించగలదని తేలింది. ఆ ఏడాదే గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో ఒక్కో వెబ్‌సైటును ఒక్కో గదిలో పెట్టి తలుపు వేసే పద్ధతి తెచ్చింది. దానివల్ల మెమరీ వాడకం పది శాతం పైన పెరుగుతుందని తనే ప్రకటించింది. మన బ్యాంకు ఖాతా భద్రతకు మనం కట్టే పన్ను అది, తప్పించుకోవడం మంచిది కాదు. దీనికి తోడు ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లు తెర మీది బొమ్మల కోసం అదే ర్యామ్‌లోంచి కొంత పక్కకు తీస్తాయి. 8 జీబీ అని కొన్నదాంట్లో మన వాటాకు వచ్చేది ఏడు చిల్లర. వీడియో కాల్, పదిహేను ట్యాబులు, ఒక ఎక్సెల్ ఫైలు కలిస్తే అది నిండుతుంది. ఈ రోజు నడుస్తుంది, నాలుగేళ్ళ తర్వాత నడవదు. 16 జీబీతో ఐ3, 8 జీబీతో ఐ5 ఒకే ధరకు దొరుకుతుంటే నేను మొదటిదాన్నే ఎంచుకోమంటాను.

"8 జీబీతో కొని తర్వాత పెంచుకోవచ్చు కదా" అన్నది గట్టి అభ్యంతరమే. పెంచుకోగలిగితే నిజంగా మంచి మార్గం. కాకపోతే పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇప్పుడు ర్యామ్ కూడా బోర్డుకు టంకం వేసే వస్తోంది. పైన చెప్పిన రైజెన్ 5 7520యూ వాడే రకం మెమరీ స్లాట్‌లో గుచ్చేది కాదు, దాన్ని పెట్టిన ల్యాప్‌టాప్ 8 జీబీతో వస్తే జీవితాంతం 8 జీబీయే. ఇంకో విషయం, మెమరీ ఏటా చవకవుతుందన్న నమ్మకం కూడా ఈ మధ్య దెబ్బతింది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోవడంతో 2025 చివరినుంచి ధరలు బాగా పెరిగాయి. అందుకే కొనేముందు అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది "ఇందులో ర్యామ్ స్లాట్ ఉందా, ఖాళీగా ఉందా?" అన్నది. ఇక్కడినుంచి ఒక పద్ధతి దొరుకుతుంది: తర్వాత మార్చుకోగలిగినవాటిలో ఇప్పుడు సర్దుకోవచ్చు, మార్చుకోలేనివాటికి ముందే డబ్బు పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మొదటి జాబితాలో ఉంటాయి. టంకం వేసిన ర్యామ్, తెర, మూత కీలు, వేడిని బయటికి పంపే ఏర్పాటు రెండో జాబితాలోవి.

ఈ వాదన అందరికీ వర్తించదని కూడా చెప్పాలి. ఇంజినీరింగ్ విద్యార్థి త్రీడీ డిజైన్లు గీయాలన్నా, ఎవరైనా సినిమా పాటకు ఎడిటింగ్ చేయాలన్నా, వాళ్ళ ప్రాసెసర్ గంటల తరబడి నిజంగానే పూర్తి బలంతో శ్రమిస్తుంది. వాళ్ళకు కోర్ల లెక్క, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం. కానీ వాళ్ళ అవసరాన్ని చూపించి ఇంటి లెక్కలు రాసుకునే మనిషికి అదే యంత్రం అంటగట్టడం న్యాయం కాదు. "ఎప్పటికైనా పనికొస్తుంది" అనే మాట మీద ఇరవై వేలు ఎక్కువ పెట్టేముందు, ఆ "ఎప్పటికైనా" ఏ పని కోసమో పేరు పెట్టి చెప్పగలమా అని చూసుకోవాలి.

వేగం సంగతి అలా ఉంచి మన్నిక దగ్గరికి వద్దాం. వారంటీలు అమ్మే స్క్వేర్‌ట్రేడ్ అనే అమెరికా సంస్థ 2009లో తన దగ్గర నమోదైన 30,000 ల్యాప్‌టాప్‌ల లెక్క బయటపెట్టింది. మూడేళ్ళలో దాదాపు మూడింట ఒకటి చెడిపోయింది, వాటిలో మూడింట రెండు వంతులు కింద పడటం, నీళ్ళు ఒలకడం లాంటివి కాకుండా యంత్రంలో లోపం వల్లే చెడిపోయాయి. వారంటీ అమ్ముకునేవాళ్ళకు భయపెట్టే లెక్క లాభమే కదా అనే అనుమానం సరైనదే. హార్డ్ డిస్కుల కాలం నాటి లెక్క అన్నదీ నిజమే. అయినా అందులో ఒక సంగతి ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. అతి చవకరకం నెట్‌బుక్‌లు ఎక్కువగా చెడిపోయాయి, వాటిపైన మధ్యరకానికీ ఖరీదైన రకానికీ తేడా మాత్రం స్వల్పం. బాగా చవక దగ్గర నష్టం ఉంది కానీ, ఆపైన డబ్బు పెంచుకుంటూపోతే మన్నిక అదే పాళ్ళలో పెరగదు. "మిలిటరీ గ్రేడ్" అన్న ముద్ర చూసి కూడా డబ్బు ఎక్కువ పెట్టనవసరం లేదు. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణశాఖ పరీక్షల పద్ధతుల పుస్తకం. అందులో ఏయే పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, సైన్యం సర్టిఫికెట్ ఏదీ ఇవ్వదు.

మన ప్రాంతంలో ల్యాప్‌టాప్‌కు అసలు శత్రువు ఎండ. చాలా కంపెనీలు తమ సాంకేతిక వివరాల చివర్న ఒక చిన్న లైను రాస్తాయి: పని చేయడానికి తగిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో బయట 45 దాటుతుంది, ఏసీ లేని రేకుల గదిలో లోపలా అంతకు తక్కువ ఉండదు. దీని ప్రభావాన్ని లెక్క కట్టవచ్చు. వేడి వస్తువు నుంచి గాలిలోకి వేడి ఎంత వేగంగా పోతుందన్నది దాదాపుగా ఆ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, 25 డిగ్రీల ఆఫీసులో తేడా 70, 45 డిగ్రీల గదిలో 50. అదే ఫ్యాను, అవే రాగి గొట్టాలు బయటికి పంపగలిగే వేడి దాదాపు పదిలో మూడు పాళ్ళు తగ్గుతుంది. మిగిలిన వేడి లోపలే ఉండిపోకూడదు కాబట్టి, నూరు డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఐ7 పెట్టిన పలుచని ల్యాప్‌టాప్ ఎండాకాలం మధ్యాహ్నం గాలి బాగా ఆడే ఐ5 కన్నా వెనకబడిపోవడానికి కారణం ఇదే. దానికి తోడు దుమ్ము. అడుగు మూత విప్పి చూస్తే ఫ్యాను పక్కన రేకుల మధ్య దూదిలా అల్లుకుని ఉంటుంది. పరుపు మీద పెట్టి వాడితే గాలి పీల్చే కింది రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి. కాబట్టి దుకాణంలో యంత్రాన్ని తిరగేసి కింది రంధ్రాలు విశాలంగా ఉన్నాయా, అడుగు మూత మామూలు స్క్రూలతో ఊడుతుందా అని చూడటం, స్టిక్కరు చదవడం కన్నా విలువైన పని. ఏడాదికోసారి దుమ్ము ఊదించడం, మూడు నాలుగేళ్ళకోసారి థర్మల్ పేస్ట్ మార్పించడం ఏ రిపేరు కుర్రాడైనా చేసే పనే, మూత ఊడితే.

బ్యాటరీకి కూడా వేడంటే పడదు. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని స్వభావం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, నిండా ఛార్జ్ అయి వేడిగా ఉన్న స్థితిలో త్వరగా ముసలిదవుతుంది. రోజంతా ఛార్జర్ గుచ్చి ఉంచేవాళ్ళ బ్యాటరీ పాడవడం ఇందుకే. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంటోంది, దాన్ని మొదటిరోజే పెట్టుకోవాలి. "పది గంటల బ్యాటరీ" అనే ప్రకటన కన్నా వాట్-అవర్ల అంకె నమ్మదగినది. 42 వాట్-అవర్ల బ్యాటరీని సగటున 7 వాట్లు తాగే యంత్రం ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది, అంతే.

కీలు గురించి కూడా చెప్పాలి, చవక ల్యాప్‌టాప్‌లు చాలా అక్కడే చచ్చిపోతాయి. తెరను మోసే లోహపు కీలును స్క్రూలతో బిగించేది పట్టుమని పెసరగింజంత ఉండే ఇత్తడి నట్లకు. ఆ నట్లు ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటాయి. మూత తెరిచిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ మీద గుంజుడు పడుతుంది. రెండేళ్ళకు అది పగిలి నట్టు ఊడి వస్తుంది, ఆపైన మూత తెరిస్తే అంచు విచ్చుకుంటుంది, చివరికి తెర వైరు తెగుతుంది. దుకాణంలో మూతను ఒక మూల పట్టుకుని మెల్లగా తెరవండి. రెండో మూల కూడా దానితోపాటే లేస్తోందా, మెలి తిరుగుతోందా అన్నది కళ్ళకు కనబడుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్ళకు కొత్త చవకరకం కన్నా, కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన ఆఫీసు తరగతి ల్యాప్‌టాప్ మేలని నా నమ్మకం. థింక్‌ప్యాడ్ టీ, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి వరసలు విప్పి బాగుచేసుకునేలా తయారయ్యాయి. వాటి సర్వీస్ మాన్యువళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు, విడిభాగాలు దొరుకుతాయి. హైదరాబాద్ ఐటీ కంపెనీల నుంచి అలాంటివి వస్తూనే ఉంటాయి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయంలో వాటిని అమ్మేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఉన్నారు. ఒక లెక్క వేసి చూద్దాం. 28 వేలకు కొన్న కొత్త చవకరకం రెండున్నరేళ్ళు నడిస్తే నెలకు 930 రూపాయలు పడుతుంది. అదే 28 వేలకు కొన్న పాత ఆఫీసు రకానికి మధ్యలో 6 వేలు పెట్టి బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ మార్చి ఐదేళ్ళు నడిపితే నెలకు 570 కూడా పడదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా తీసేసేవి కావు. వారంటీ తక్కువ అన్నది నిజం. ఆరు నెలలో ఏడాదో రాతపూర్వకంగా ఇవ్వని చోట, జీఎస్టీ బిల్లు ఇవ్వని చోట కొనకూడదు. బ్యాటరీ అరిగిపోయి ఉంటుందన్నదీ నిజమే. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ పక్కపక్కనే వస్తాయి. రెండోది మొదటిదానిలో 70 శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో మైక్రోసాఫ్ట్ జాబితాకెక్కిన రైజెన్ రకాల్లో మాత్రమే పనిచేస్తుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అందుకే ఏడో తరం ఐ7 ఎంత తళతళలాడుతున్నా, ఎంత చవకకు ఇస్తామన్నా వద్దనాలి. ఎనిమిదో తరం కన్నా పాతది విండోస్ కోసం కొనకండి. విండోస్‌కు బదులు లినక్స్ నేర్చుకోవడానికి ఇష్టపడేవాళ్ళకు ఈ గీత వర్తించదు, అందులో ఒక రకమైన ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లకు ఐదేళ్ళు భద్రతా సవరణలు వస్తాయి. కొత్తవాటిలో ఏది సులభంగా బాగుపడుతుందో తెలుసుకోవడానికీ ఒక దారి ఉంది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లకు మరమ్మతు సౌలభ్యం మీద పదికి ఇన్ని మార్కులని ప్రకటించడం తప్పనిసరి చేసింది. మనం కొనబోయే మోడల్ అక్కడా అమ్ముడవుతుంటే ఆ మార్కులు వెతికి చూసుకోవచ్చు.

ఆఖరుగా తెర. తెలుగు చదివేవాళ్ళు దీన్ని ఇంగ్లీషు చదివేవాళ్ళ కన్నా కాస్త పట్టింపుగా చూడాలి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద వరసగా నిలబడతాయి. మన అక్షరానికి మూడంతస్తులు: పైన గుడి, నడుమ ఒడలు, కింద ఒత్తులు. 15.6 అంగుళాల తెర మీద 1366×768 చుక్కలంటే అంగుళానికి నూరు. మామూలు సైజు అక్షరానికి పదహారు చుక్కల ఎత్తు దొరుకుతుంది, మూడంతస్తులకు తలా ఐదు. అదే తెర 1920×1080 అయితే అంగుళానికి 141 చుక్కలు, అదే ఎత్తులో ఇరవై రెండు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇదే మామూలైపోయింది కానీ, పాతవాటిలో మొదటిరకం ఇంకా తగులుతుంది. ఐపీఎస్ తెర కాకుండా టీఎన్ రకమైతే పక్కనుంచి చూసినప్పుడు రంగులు వెలిసిపోయి, ఉన్న చుక్కలు కూడా మసకబారతాయి. దుకాణంలో నోట్‌ప్యాడ్ తెరిచి మామూలు సైజులో "స్త్రీ", "రాష్ట్రం", "ఉత్ప్రేక్ష" అని టైపు చేయండి. ఎదురుగా కూర్చుని ఒకసారి, పక్కన నిలబడి ఒకసారి చూడండి. "స్త్రీ" కింద త ఒత్తు ఎక్కడ ఆగిందో, ర ఒత్తు ఎక్కడ మొదలైందో కళ్ళు చికిలించకుండా కనబడాలి.